తారీఖు పెట్టుడు

ఈసా టౌన్ పాత సామాన్ల అంగట్ల
ఏడు దినార్లకు తెగిన బేరం అది.
డబ్బాను ముత్తెన్న భుజాన ఎత్తుకున్నడు.
మానిటర్‌కు సీటిస్తే దానికీ టికెట్ తీయమన్నడు బస్ డ్రైవరు,
ఒళ్లెకు తీసుకున్న, చంటిపిల్లను పట్టుకున్నట్టు.

సల్మాబాద్, పదకొండో నంబర్ రూము.
ఆరు మంచాలు, రెండే ప్లగ్గులు.
ఒకటి ఏసీది, దాన్ని ముట్టద్దు.
రెండోది అన్నం కుక్కరుది.
అన్నం ఉడికినంకనే
మా కంప్యూటర్‌కు కరెంటు.

బటన్ నొక్కితె ఫ్యాను తిరుగుతది,
పచ్చ లైటు వెలుగుతది,
తెర మీద మాత్రం అమాస.
మూడు కూతలు కూసి ఆగుతది,
మళ్ల మూడు.
"దయ్యం పట్టిందిర" అన్నడు పోశెట్టి, గోర్లు తీసుకుంట.
దయ్యమైతె గంత లెక్కవెట్టి కూస్తదా?

కంప్రెషర్ మూలిగితె
దాని నొప్పి ఎక్కడుందో చేత్తోని చెప్తా.
పదేండ్లుగ అదే నా పని.
గీ కూతల భాష నాకు రాదు.
పక్క గ్యారేజిల కార్లకు రంగులేసే మలయాళీ సజీష్‌ను అడిగిన.
మాస్క్ కిందికి గుంజి చెప్పిండు:
"మూడంటే మెమరీ.
తియ్యి, తుడువు, మళ్ల పెట్టు."

శుక్రవారం మధ్యాహ్నం మూత విప్పినం.
లోపల ఇసుక, మైదాపిండి లెక్క మెత్తగ.
ఎవరింట్ల ఉండెనో,
ఎన్ని గాలిదుమారాలు పీల్చెనో.
ఫ్యాను రెక్కలకు చుట్టుకొని
ఒక పొడుగు వెంట్రుక.
మా ఆరుగురిల గంత పొడుగు ఎవలకూ లేదు.
పారెయ్యబుద్ధి కాలె.
కిటికీ సందుల పెట్టిన.

తుడిచేతందుకు పిల్లలు రాసుకునే రబ్బరు కావాలె.
మా రూముల రబ్బరెక్కడిది?
లీవు ఫారాలు, అప్పు కాయితాలు,
మేం రాసేదంత పెన్నుతోనే.
చెరిపే పని ఎన్నడు పడలె.
బఖాలాల యాభై ఫిల్సులకు దొరికింది,
గులాబి రంగుది, స్ట్రాబెర్రీ వాసన.
మెమరీ ముక్కకున్న బంగారు పండ్లను
ఒక్కొక్కటి రుద్దిన.
రూమంత మిఠాయి వాసన.
రెండు దిక్కులా టిక్కుమనేదాక నొక్కి
కుక్కరు వైరు పీకి, దీని వైరు పెట్టినం.

ఒక్క కూత.
ఒక్కటే!

తెర మీద తెల్ల అక్షరాలు:
తారీఖు తప్పు, సరిచెయ్యి.
దానికి ఇది రెండువేల రెండు, జనవరి ఒకటి,
అర్ధరాత్రి పన్నెండు.
నాణెమంత బ్యాటరీ సచ్చిపోయి
తను పుట్టిన దినమొక్కటే గుర్తున్నది దానికి.

ఒక్క నొక్కుకు ఒక్క ఏడు కదులుతది.
రెండువేల రెండు: నేను కోరుట్లల
బీడీ ఆకు మూటలు మోస్తున్న.
మూడు: ఏజెంటు మా గడప తొక్కిండు.
నాలుగు: మెడికల్‌ల ఫెయిలు.
ఐదు: పాసు.
ఆరుకాడ
"ఆగు" అన్నడు పోశెట్టి.
"గక్కడ్నే ఉంచు."
ఎందుకని ఎవలం అడగలె.
కుక్కరు మూత మీది నీటి చుక్కలు
ఒక్కొక్కటి జారుతున్నయి.
తనే గోర్ల కత్తెర జేబుల ఏసుకొని
"ఇగ నడువు" అన్నడు.
ఎనిమిది నొక్కులల్ల ఇయ్యాల్టికి చేరినం.

కొత్త బ్యాటరీ మూడువందల ఫిల్సులట.
రేపు తెద్దామనుకున్నం.
రేపటికి నెల దాటింది.
రోజూ అన్నానికి వైరు పీకుతం,
రోజూ అది రెండువేల రెండుకు పోయి కూసుంటది.
అందుకే వంతులేసుకున్నం:
గిన్నెలు తోముడు,
బాత్రూం కడుగుడు,
తారీఖు పెట్టుడు.

పోశెట్టి వంతొచ్చిన రాత్రి
సినిమా జర ఆలస్యంగ మొదలైతది.