ఐదు నిమిషాల కాగితం

కన్నీళ్ళు కొలవడం నా ఉద్యోగం.
నవ్వకండి, జీతం కూడా ఇస్తారు.
కింది రెప్ప వంచి, సన్నటి కాగితం అంచు తగిలించి
ఐదు నిమిషాలు కళ్ళు మూసుకోమంటాను.
తడి ఎందాకా పాకిందో
మిల్లీమీటర్లలో రాసుకుంటాను.

తరమణిలో మూడో అంతస్తు.
కిటికీ బయట రైలు వంతెన, దాని మీద బూడిదరంగు ఎండ.
ఫ్రిజ్‌లో లద్దాఖ్ నుంచి వచ్చిన డబ్బా:
సీ బక్‌థార్న్ నూనె.
పేరులో సముద్రం. పుట్టినచోట
రాళ్ళూ మంచూ ముళ్ళూ తప్ప సముద్రం జాడే లేదు.
మా చెన్నైకి సముద్రం ఉంది,
ఈ పండు మొహం ఎవరూ చూడలేదు.

మూత తీస్తే, ఆవకాయ జాడీలో పైకి తేలిన నూనెకి
జ్వరమొచ్చినట్టుండే రంగు.
కోటు మీద పడిన చుక్క ఆరు ఉతుకులకీ పోలేదు.
యంత్రం దాన్ని విడదీసి
కాగితం మీద శిఖరాలు గీసింది.
పామిటోలీయిక్ ఆమ్లం ఒకటి, పామిటిక్ ఆమ్లం పక్కనే ఇంకోటి,
పేరు తేలని గుట్టలు నాలుగు.
కొండల్లోంచి వచ్చింది కదా, కొండలే గీయించుకుంది అన్నాను.
"ఇలాంటివి రిపోర్టులో రాయకు" అన్నారు
ప్రొఫెసర్ సదాశివన్.

అరవై మంది. మూడు నెలలు. రెండు రకాల సీసాలు.
ఒకదాని మాత్రల్లో ఆ నూనె,
ఇంకోదానిలో అదే రంగు కలిపిన పొద్దుతిరుగుడు నూనె.
ఏది ఎవరిదో వాళ్ళకీ తెలీదు, నాకూ తెలీదు.
తెలిసిన కాగితం బీరువాలో.

పదిహేడో నంబరు ఆండాళమ్మ, పెరంబూరు.
నలభై ఏళ్ళు పెళ్ళి జాకెట్ల మీద జరీ కుట్టిన కళ్ళు.
"ఇసక పోసినట్టుండాది పాపా,
ఏడుద్దామన్నా నీళ్ళు రావు."
మొగుడు పోయినప్పుడు ఏడవలేదని
ఆడపడుచులు ఇప్పటికీ చెప్పుకుంటారట.
కాగితం తీసి చూశాను. నాలుగు.

పదిహేను రోజులకోసారి రెండు బస్సులు మారి వచ్చేది.
కళ్ళు మూసుకుని మాట్లాడేది,
నీళ్ళ లారీ గురించి, కోడలి గురించి,
పాతకాలపు సూదులు ఎంత గట్టివో దాని గురించి,
అరవం, తెలుగు ఒకే సూదిలో ఎక్కించి.
ఒకసారి ఊ కొడుతూ గడియారం మర్చిపోయాను.
ఆరు నిమిషాలైంది. ఆ కొలత కొట్టేశాను.
మిగతావి: ఆరు. ఏడు. తొమ్మిది.
"దేవుడు పంపించినాడు ఈ మాత్ర."
దేవుడు కాదమ్మా, కొరియర్ అన్నాను.

మొన్న బీరువా తెరిచారు.
పదిహేడు: పొద్దుతిరుగుడు.

అసలు నూనె మింగిన ఆటో దయాళన్
మూడు దగ్గర మొదలై మూడు దగ్గరే ఉన్నాడు.
రెండు గుంపులూ కాస్త కాస్త మెరుగు.
తేడా ఉంది,
ఉందని చెప్పగలిగేంత లేదు.
పండుది తప్పని కాదు. అరవై మంది చాలరేమో,
మూడు నెలలు చాలవేమో,
ఎవరో ఒకరు ఎదురుగా కూర్చుని ఊ కొట్టడం
రెండు సీసాల్లోనూ సమానంగా పడిందేమో.
చివరిది కొట్టేశాను. దానికి కొలత లేదు.
ప్రొఫెసర్ ఆఖరి వాక్యం రాశారు:
మరింత పరిశోధన అవసరం.
ఆ ముళ్ళలోంచి పళ్ళు కోసిన వేళ్ళు ఎవరివో
ఏ పట్టికలోనూ లేదు.

నిన్న ఫోను.
"ఇంకో డబ్బా దొరకతాదా పాపా?
మొన్న సీరియల్ చూస్తా ఏడ్చేసినాను, తెలుసా?"
పండగ కబురులా చెప్పింది.

నిజం ఫోన్లో చెప్పేది కాదు.
బుధవారం రండి అన్నాను.
మాత్రలు లేవు.
కాగితాలు ఒక పెట్టె మిగిలాయి,
మార్చితో గడువు తీరేవి.