బయటి గడియ

ఫోన్ చేసింది నేనే.
ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.
జాకెట్లకు హుక్సులు కుట్టే వేళ్లకు
పది తొంభై ఎనిమిది నొక్కడం ఎంతసేపు?

చిత్తూరు గిరింపేటలో మా వరస నాలుగిళ్లు, ఒకే కొళాయి.
చివరింట్లో మొగిలీశ్వరి.
బెంగుళూర కాయ దిగితే
పల్ప్ ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు ఆమెకి.
బిడ్డలిద్దరికీ సంగటి తినిపించి
బయట గడియ పెట్టి, తాళం వేసి,
తాళంచెవి జాకెట్లో దోపుకొని వ్యాను ఎక్కేది.
తెల్లారి ఆరింటికి
మోచేతుల దాకా పసుపు రసం ఎండిపోయి
వచ్చి తీసేది.

ఆ రాత్రి చిన్నోడు ఏడస్తా ఉంటే
కిటికీ ఊచల్లోంచి నీళ్ల గ్లాసు ఇచ్చినా.
మీయమ్మ ఎప్పుడొస్తాదే యామినీ, అని అడిగినా.
"తాళం తీసినప్పుడు" అనింది ఏడేళ్ల పిల్ల.
నాకు నిద్ర పట్టలేదు.
బడి గోడ మీది పోస్టరు గుర్తుకొచ్చింది.
మంచిపనే అనుకున్నా.

జీపు వచ్చింది. తాళం పగలగొట్టినారు.
చిన్నోడు నా పక్కకే చెయ్యి చాపినాడు.
నేను కొంగు సర్దుకుంటా నిలబడినా.

పొద్దున మొగిలీశ్వరి
తెరిచున్న తలుపు చూసి అరవలేదు.
పగిలిన తాళం ఏరి కొంగున ముడేసుకునింది.

సమితి వాళ్లిచ్చిన కాగితంలో
ఒక మాట పెద్దక్షరాల్లో ఉండింది.
ఆమెకు చదువు రాదు.
నాచేత చదివించుకునింది. నాచేతనే.
"నిర్లక్ష్యం."
"అంటే ఏందక్కా?"
ఆ రోజు నా మిషన్ కుట్టలేదు.

పలమనేరులో ఎవరో ఉండారంట,
మిద్దె ఇల్లు, పిల్లల్లేరు,
పెంచుకుంటామని పేరు రాయించుకున్నారంట.
"మంచోళ్లే అంట అక్కా, ఏసీ కూడా ఉందంట"
అనింది,
ఎవరి బిడ్డ సంబంధమో చెప్తున్నట్టు.

కోర్టు వెనక గదిలో న్యాయసేవ. ఫీజు లేదు.
షంషాద్ మేడం కాగితం చూసి
ఆ ఒక్క మాట కింద పెన్సిల్తో గీత గీసింది.
"తాళం ఎందుకేశావమ్మా?"
"సందులో తాగి తిరుగుతారు మేడం.
లోపల గడియ బిడ్డకి అందదు."

అంతే. ఇంకేం అడగలేదు.
మరసటి రోజు మా వరసకొచ్చి
"టేపు ఉందా?" అనింది నన్ను.
నా టేపు అరవై అంగుళాలు.
గడియ దానికి పైన ఉంది.
యామిని కొలత నా నోటుబుక్కులో ఉండింది,
చవితికి గౌను కుట్టినప్పటిది:
భుజం నుంచి మడమ దాకా ముప్ఫై ఎనిమిది.
ఆ పేజీ చింపి ఇచ్చినా.
నా లెక్కలు కోర్టు దాకా పోతాయని
ఎన్నడన్నా అనుకున్నానా.

"డబ్బు లేకపోవడం తప్పు కాదని వాదిస్తాను" అనింది మేడం,
"కానీ రాత్రి ఎనిమిది నుంచి ఆరు దాకా
ఒక మనిషిని చూపించాలి."
కొళాయి దగ్గర అందరూ బిందెలు చూసుకున్నారు.
నేనుండానంటి.
గొంతు నాది కానట్టు వచ్చింది.

ఇరవైమూడు రోజులు పట్టింది.
పూచీ అన్నచోట నా సంతకం.
నెలకోసారి వచ్చి చూస్తామన్నారు, చూడనీ.

ఇంటికొచ్చినాక చిన్నోడు
"నీళ్లు తాగొచ్చా?" అని అడగతా ఉండాడు,
బిందె ముందు నిలబడి, చేతులు కట్టుకొని.
మొగిలీశ్వరి మొహం గోడ పక్కకి తిప్పుకుంటాది.

వడ్రంగి గడియ కిందికి దించినాడు.
పైన రెండు బెజ్జాలు అట్లే ఉండాయి.
రాత్రిళ్లు ఇద్దరూ నా దగ్గరే.
యామిని లేచి లేచి చూసుకుంటాది,
"బయట గడియ పెట్టలేదు కదా పిన్నీ?"

నిన్న మొగిలీశ్వరి నాలుగు కాయలు తెచ్చిచ్చింది.
"నువ్వు లేకపోతే ఏమయ్యేదో అక్కా" అనింది.
కోసి బిడ్డలకు పెట్టినా.
నేను నోట పెట్టలేదు.

కాయల కాలం అయిపోయేలోగా చెప్పాల.
గడియ గడియకీ అనుకుంటా ఉండా.