ఒక సెకను పసుపు

పదకొండేండ్లు బళ్ళారి చౌరస్తాలో
నోట్లో విజిల్‌తో నిలబడితి.
మోకాలి చిప్పలు అరిగినాక
కంట్రోల్ రూములో కుర్చీ చూపించినారు.
"ఇంగ ఎండలో నువ్వెందుకు మాబున్నీ,
నిలబడేదానికి కెమెరా ఉంది కదా."

నిజమే. దానికి దప్పిక కాదు.
ఒంటేలుకు యాడికి పోవాల్నో వెతుక్కునే పని లేదు.
బుల్లెట్టు మీద వచ్చేటోడు
ఎవరి బామ్మర్దో దానికి తెలీదు.
నాకు తెలుసు. తెలిసి, ఎత్తిన చెయ్యి
దించిన దినాలున్నాయి.

ఎర్రదీపం పడినాక తెల్లగీత దాటితే
రెండు ఫోటోలు:
గీత మీద ఒకటి, నడిమధ్యన ఒకటి.
నంబరు చదివి
అవునో కాదో నొక్కేది నా పని.

దినానికి మున్నూరు.
తెల్లారి ఐదూ నలభైకి పాలక్యాన్ల మోపెడ్డు,
ఎవరున్నారులే అనుకొని.
ట్యూషన్ పిల్లోళ్ళు ముగ్గురు ఒకే బండి మీద,
వెనకోడి చెప్పు గాల్లో.
నంబరు ప్లేటుకు నిమ్మకాయలు కట్టిన కారు,
దిష్టి నా కండ్లదే అనుకుంటా.

ఒక రాత్రి ఆటో.
వెనక సీట్లోంచి ఒక చెయ్యి మాత్రం,
కడ్డీని పట్టుకొని, గాజులు మోచేతి దాకా జారి.
పెద్దాసుపత్రి దిక్కు.
కాదు అని నొక్కితి.
కారణం గడిలో నొప్పులు అని రాస్తి.
"ఫోటోలో నొప్పులు కనపడతాయా?" అన్నాడు సార్.
ముగ్గుర్ని కన్నా సార్, కనపడతాయి.

వీళ్ళందరూ సరే.
ఉల్లిగడ్డల లారీ ఉరుకుందు మాత్రం
నాలుగు చలాన్లు చేతబట్టుకొని ఆఫీసుకే వచ్చినాడు.
పేరుకు తగ్గట్టు లేడు, నిదానస్తుడు.
"బ్రేకు నేనూ తొక్కుతానమ్మా.
నేను ఆగుతా. పది టన్నుల గడ్డలు
నాతో పాటు ఆగొద్దా?"

డ్యూటీ దిగి ఆ సాయంత్రం
విజిల్ లేకుండా నా పాత తావుకు పోతి.
సెల్లులో లెక్కపెడితి. పసుపు మూడు సెకన్లు.
మళ్ళా పెడితి. మూడే.
వాలులో దిగొచ్చే బరువుబండికి
ఆ మూడింటిలో
దాటేదానికీ లేదు, ఆగేదానికీ లేదు.

అప్పుడు తెలిసింది
పదకొండేండ్లు ఆ నాలుగో సెకను నేనేనని.
లారీ మూతి చూసి, టైరు కింద వాన తడి చూసి,
పో అంటి, ఆగు అంటి.
కెమెరా పెట్టినోళ్ళు నన్ను తీసినారు గానీ
నా సెకనును యాడా పెట్టలేదు.

ఊడ్చే సుంకులమ్మకు చెప్తే అంది:
"పసుపు చాలకుంటే
కుంకుమ నేల మీద పడుతుందే. నేను కడగలే?"
మద్దిలేటి కాలు ఇరిగిన దినం
రోడ్డు కడిగింది ఆమెనే.

అర్జీ రాస్తి.
"చలాన్లు తగ్గిపోతాయి కదమ్మా?"
"తగ్గేదానికే కదా సార్, పెట్టింది."
ఆయన పెన్ను మూత తీసి, మళ్ళా పెట్టి,
నలభై దినాలు ఆలోచించినాడు.

ఇప్పుడు పసుపు నాలుగు.
ఫోటోలు నూటిరవై, కొన్ని దినాలు ఇంకా తక్కువ.
మిగిలినోళ్ళు చూసి, తెలిసి వచ్చినోళ్ళు.
వాళ్ళ మీద నా ఏలు తడబడదు,
బామ్మర్దులైనా సరే.

మధ్యాహ్నం రెండున్నర. స్క్రీన్ మీద
మద్దిలేటి సోడాబండి తోసుకుంటా దాటుతాండాడు,
కుడికాలు ఇంకా ఈడుస్తానే.
నడిమధ్యన ఆగి చెప్పు సర్దుకుంటాండాడు, ఓరి నీ!
గీత వెనక లారీ ఒకటి
మూతి వంచి, ఎత్తి, నిలబడింది.
ఫ్లాష్ పడలేదు.
దాచిపెట్టేదానికి ఏమీ లేదు.
చల్లారిన టీ తాగుతా
బండి చక్రం అవతలి గట్టు ఎక్కిందాకా
చూస్తి.