తనిఖీకి వచ్చేవారి కుర్చీ

చాట్స్‌వర్త్‌లో టైర్ల కొట్టు మీద గది.
పెద్దలకు మాత్రమే అనే సైట్ల అట్టడుగున
చీమతలంత అక్షరాల్లో ఉండే చిరునామా ఇదే.
లోపల రికార్డుల సంరక్షకురాలు అరాక్సీ తెర్జియన్,
మూడు బూడిదరంగు బీరువాలు,
ఒక ఖాళీ కుర్చీ.

కుర్చీ తనిఖీకి వచ్చేవాళ్ళది.
వారానికి ఇరవై గంటలు తలుపు తెరిచి ఉంచాలట.
పంతొమ్మిదేళ్ళుగా తెరిచే ఉంచింది.
ఎవరూ రాలేదు.
ఇప్పుడందులో ఆమె ఊలు శాలువా కూర్చుంటోంది.

ఆ సినిమాలు ఒక్కటీ చూడలేదంటే
ఎవరూ నమ్మరు. నమ్మకపోతే పోనీ.
ఆమెకి తెలిసింది పుట్టినరోజులూ,
లైసెన్సు మీద కెమెరా వెలుగుకి
సగం మూసుకున్న కళ్ళూ.
ఒంటి మీద నూలుపోగు లేనివాళ్ళకి
ఇక్కడ కాగితాల దుప్పటి.

చట్టానికి పేర్ల ఆకలి.
కన్నవాళ్ళు పెట్టింది, పెళ్ళితో వచ్చింది,
విడాకులతో పోయింది, తెరమీది పేరు,
ఎప్పుడు ఏ పేరుకి పలికినా అన్నీ రాయాలి.
మార్నా క్విగ్లీ ఆరు రాసింది.
కలం చివర కొరుకుతూ ఆగి
ఏడోది రాసింది: బఠాణీ.
"మా తాత ఒక్కడే అలా పిలిచేవాడు. ఇదీ లెక్కేనా?"
లెక్కేనంది అరాక్సీ.

ఒక ఆగస్టులో ఒక పిల్ల.
కార్డు అసలుదే, ముఖం ఆమెదే.
అరాక్సీ వేళ్ళ మీద లెక్కపెట్టి
క్యాలెండరు మీద మళ్ళీ పెట్టింది.
పదకొండు రోజులు తక్కువ.
"పదకొండు రోజుల్లో ఏం మారిపోతుంది?"
వెంట వచ్చినవాడు కారు తాళాలు ఆడిస్తూ అన్నాడు.
ఏం మారుతుందో అరాక్సీకీ తెలీదు.
కార్డు మాత్రం అతని చాచిన చేతిలో పెట్టలేదు,
పిల్ల గుప్పెట్లో పెట్టింది,
దాని కింద బస్సు ఛార్జీ మడిచి.
పన్నెండో రోజు మెట్ల మీద చప్పుడైతే తలెత్తింది.
పోస్టు.
బీరువాలో లేనివాళ్ళ సంగతి
బీరువా చెప్పదు.

నిన్న ఫోను. మార్నా.
ఫ్రెస్నోలో స్కూలు బస్సు నడుపుతోందట.
"నా ఫైలు చింపెయ్యరాదూ?"
ఇంకో మూడేళ్ళు ఉంచాలమ్మా.
ఇద్దరూ కాసేపు మాట్లాడలేదు.
కింద ఏదో టైరులోంచి గాలి పోతోంది.
"పోనీ, ఆ ఏడో పేరు... ఉందా?"

అరాక్సీ శాలువా తీసి
మొదటిసారి ఆ కుర్చీలో కూర్చుంది.
ఫైలు తెరిచి
గట్టిగా చదివింది.