పద్నాలుగో అంతస్తుకు ఒక తలుపు

డాక్టర్ పుష్యమి ఫోన్లో నలభై బొమ్మలు చూపించింది:
మండువాలో పడే వాన, ఇత్తడి గంగాళం,
అద్దంలా మెరిసే ఎర్ర గచ్చు.
"పాతకాలం ఇల్లులా ఉండాలి,
కానీ దుమ్ము పట్టకూడదు."
రాసుకున్నాను.
నా సంపాదనంతా
ఆ 'కానీ' దగ్గరే.

శాలిబండలో దేవిడీ ఒకటి కూలిందని
జహీర్ భాయ్ కబురు పెట్టాడు.
టేకు చట్రం, రెండు రెక్కలు,
ఒకే ఒక్క ఇత్తడి కడియం.
టేపు చుట్టేసి, నమ్మలేక మళ్లీ లాగాను:
ఐదడుగుల ఏడంగుళాలు.
"అప్పటోళ్లు పొట్టోళ్లేం కాదు మేడం,
వచ్చేటోడు తల వంచాలని" అన్నాడు
ధర మాత్రం వంచకుండా.

నల్లగండ్లలో లిఫ్టు దాన్ని మింగలేకపోయింది.
సోమాచారి మనుషులు నలుగురు
మెట్ల మీదుగా మోశారు.
ప్రతి మలుపులో గోడకు ఆనించి
ఊపిరి తీసుకున్నారు.
ఆ కాసేపూ అక్కడొక ఇల్లున్నట్టే ఉండేది.
తొమ్మిదో అంతస్తులో ఒక పిల్ల
కడియం పట్టుకుని టకటకా కొట్టి,
ఎవరైనా తీస్తారని
చేతులు కట్టుకుని నిలబడింది.

నేను గీసిన బొమ్మలో అది భోజనాల బల్ల.
పడుకోబెట్టి, పైన గాజు పరిచి,
చుట్టూ ఎనిమిది కుర్చీలు.
డాక్టరమ్మ సరేనంది, అడ్వాన్సూ ఇచ్చింది.
సోమాచారి బొమ్మను తిప్పి తిప్పి చూశాడు.
"తలుపును పండవెడ్తరా మేడం?
పానం బాగలేనోళ్లం మనం పండుతం.
అది నిలవడాలె."
నా దగ్గర జవాబుకు సాఫ్ట్‌వేర్ లేదు.

నిలబెట్టాం,
హాలుకీ వంటింటికీ మధ్య.
దూలం ఏడడుగుల మీద,
తలుపు దాని ఎత్తులో అది.
నడుమ అడుగున్నర ఖాళీ.
పాత టేకే వెతికి పెడదామని అతను,
గాజు పెడదామని నేను.
రెండ్రోజులు మాటల్లేవు.
మూడో సాయంత్రం పడమటి ఎండ
చెరువవతల క్రేన్ల మధ్యనుంచి వచ్చి
ఆ ఖాళీలోంచి దూరి
పొయ్యి దాకా పాకింది.
అతను బీడీ ఆర్పేసి,
"అద్దమే పెట్టుండ్రి" అన్నాడు
ఎండతోనో నాతోనో.

రంగు గీకుతుంటే
పచ్చ, కింద నీలం, దాని కింద మళ్లీ పచ్చ.
అన్నిటికీ అడుగున, ఎడమ రెక్క లోపలి వైపు,
మేకుతో గీసిన నిలువు గీతలు.
పాల లెక్కట.
పదిహేడు దాకా ఉన్నాయి,
తర్వాత గీసిన చెయ్యి లేదు.
గరుకు కాగితం పక్కన పెట్టేశాడు సోమాచారి.
"ఎవరి బాకీనో, మనమెందుకు మాఫ్ చెయ్యాలె?"

అంతా అయ్యాక అసలు తంటా గడపతో.
ఇల్లు ఊడ్చే గుండ్రటి యంత్రం
దాన్ని ఢీకొట్టి, వెనక్కి వెళ్లి,
మర్యాదగా మళ్లీ ఢీకొట్టేది.
"కోసేద్దామా?" అంది డాక్టరమ్మ,
గడపకు తనే అద్దిన పసుపు వైపు చూడకుండా.
మిగిలిన టేకు ముక్కతో సోమాచారి
అరచేతి వెడల్పున
రెండు వైపులా చిన్న వాలు చెక్కాడు.
నాలుగుసార్లకు మూడుసార్లు దాటుతోంది.
ఆ నాలుగోసారి ఎవరో ఒకరు లేచి
ఎత్తి అవతల పెట్టాలి.
వెళ్లేటప్పుడు కాస్త పసుపు కూడా
ఊడ్చుకుపోతుంది,
రోజూ అద్దుతూనే ఉందామె.

ఫొటోలు తీసినతను
ఆ పదిహేడు గీతల్నీ మరకలనుకుని
కంప్యూటర్లో తుడిచేశాడు.
నా వెబ్‌సైట్లో తలుపు బాకీ లేకుండా ఉంది.

బోరబండలో నా అద్దె గదికి ఏడడుగుల తలుపు.
ప్లైవుడ్ మీద టేకు ఛాయ అంటించినది,
తడికి మూల లేచింది.
నిన్న రాత్రి తాళం తీసి
తల వంచి లోపలికెళ్లాను.
రెండడుగులు వేశాకగాని తెలియలేదు.
చీకట్లో అలాగే నిలబడి
స్విచ్చు కోసం తడుముకున్నాను.