పరుపులో గుంట

క్లాక్స్‌విక్ రేవులో అందరికీ తెలుసు హానుస్ బరువు.
అతను కాలు పెడితే పడవ ఓసారి ఆలోచించేది.

ఆసుపత్రి నాకు మనిషిని తిరిగిచ్చేసరికి
ముప్పై ఒక్క కిలోలు అక్కడే ఉండిపోయాయి.

మొదటి రాత్రి పడుకోగానే మూలిగాడు.
ఇరవయ్యేళ్ళుగా తన ఒళ్ళే తవ్వుకున్న గుంట,
అందులోకి జారాడు
అన్న చొక్కా తొడుక్కున్న తమ్ముడిలా.
నడుం కింద అంతా ఖాళీ.
వెన్నుపూసలు చీకట్లో కూడా నా వేళ్ళ లెక్కకి అందాయి.

నర్సు సునీవా చెప్పింది: పక్కకి తిప్పు,
మోకాళ్ళ మధ్య దిండు పెట్టు, ఎముక ఎముకని కొరక్కుండా.
పెట్టాను. కాస్త నయం.
గుంట మాత్రం గుంటే.

ఫారో దీవుల్లో గాలికి రాత్రి సెలవుండదు.
మూడో రాత్రి అది కిటికీని గుంజుతుంటే
లేచి బీరువా తీశాను.
నేనల్లిన స్వెటర్లు, ఇక అతని మీద నిలవనివి,
తొమ్మిది.
చేప వాసన వదలనివి, మోచేతుల దగ్గర అతుకులేసినవి.
మడిచి, దుప్పటి కింద, గుంట నిండా పేర్చాను.
పైన గొర్రెతోలు, బొచ్చు పైకి.

"ఎవరి మీద పడుకోబెడుతున్నావే నన్ను?"
"నీ మీదే."

నవ్వబోయి, దగ్గి, నిద్రపోయాడు.
నాలుగింటిదాకా మూలుగు లేదు.

నిద్ర పట్టనిది నాకే.
ఇన్నేళ్ళూ ఆ పల్లానికి
ఊరికే దొర్లి అతని వీపుకి చేరేదాన్ని.
ఇప్పుడు మంచం చదునైంది.
అటు వెళ్ళాలంటే నేనే జరగాలి,
మోచేతి మీద లేచి,
ఎక్కడా నొప్పి తగలకుండా,
కొంచెం కొంచెంగా.