గంప ముసలమ్మకి రంగు

పడవ ముక్కుకి కళ్ళు దిద్దడం నా పని.
బోట్లన్నీ గట్టునుండే వేట సెలవుల్లో
పంచాయతీ నుంచి కబురొస్తుంది:
"నూకరాజూ, బొమ్మలు మళ్ళీ తెల్లబోయాయి."

తెల్లబోక ఏం చేస్తాయి.
ఉప్పుగాలి ముందు పెదవులు తింటుంది,
తర్వాత వేళ్ళు.
కళ్ళు మాత్రం ఎందుకో చివరిదాకా వదిలేస్తుంది.

మొత్తం ఐదు.
నర్సాపురం బస్సు తిరిగే మలుపులో
గొడుగు పట్టిన పీత.
ఐసు ఫ్యాక్టరీ గోడ పక్కన కళ్ళజోడు కొంగ,
దాని ముక్కుకే రొయ్యల కాటా తగిలిస్తుంది ధనకొండ.
సరుగుడు తోపులో నిద్రపట్టని రాజు,
ఆయన ఒళ్ళో ఎప్పుడూ
ఎవడో ఒకడు గురకపెడుతుంటాడు.
నత్తనెక్కి తన పెళ్ళికి బయల్దేరిన దర్జీ,
ఇంకా చేరలేదు.
అందరికంటే ముందు, సంద్రానికి ఎదురుగా,
చంద్రుణ్ణి గంపలో పెట్టి మూతేసిన ముసలమ్మ.

అందరూ ఒకే పుస్తకంలోవాళ్ళట.
రాసింది మా బళ్ళో లెక్కలు చెప్పిన భీమశంకరం మేష్టారు.
లెక్కలు నాకు రాలేదు, కథలూ అందలేదు.
ఆయన చదివి వినిపించే రోజుల్లో
నేను పడవలో నీళ్ళు తోడుతున్నాను.
పుస్తకమున్న బీరువా తుఫానులో మునిగింది.
ఉబ్బిన తలుపు గునపంతో తెరిస్తే
లోపల అంతా ఒకటే ముద్ద.
బొమ్మలు పోసిన మేస్త్రి ఎక్కడివాడో
ఎవరికీ గుర్తులేదు.

అంచేత కథ నన్నడుగుతారు పిల్లలు,
నిచ్చెన కింద చేరి.
పీతకి గొడుగెందుకు?
ఎండకి, అన్నాను మొదటి ఏడు.
మరుసటేడు మాట మార్చాను:
అప్పిచ్చినవాడికి మొహం చాటెయ్యడానికి.
పక్కకి నడిచేదీ అందుకే.
ఎవరూ నవ్వలేదు.
అప్పులవాళ్ళు వాళ్ళకీ తెలుసు.

ముసలమ్మ దగ్గర నాకు నోరు పెగలదు.
"చంద్రుడుంటేనే కదా పోటు,
అందుకే దాచింది పిచ్చిది" అంటుంది ధనకొండ.
"అమ్ముకోడానికి. పున్నమికి రేటెక్కువ"
అంటాడు ఐసు ఫ్యాక్టరీ కాపలావాడు.
"మూత పగిలిన చోట నేను చూశాను,
వాననీళ్ళే" అన్నాడొక పిల్లాడు.
"పగలు చూసుంటావు"
అంది వాడి పక్కనున్న జయంతి.

నేను మొదటిసారి రంగేసినప్పుడు
ముసలమ్మకీ నీళ్ళకీ అరవై అడుగులు.
తర్వాత సరుగుళ్ళు ఒక వరస పడ్డాయి,
ఆపైన ఇంకో వరస,
టీ బడ్డీ, బోరింగు, వలలు కట్టుకునే పాక.
నిరుడు మోకాలి లోతులో నిలబడి రంగేశాను.
ఈ ఏడు పోటుకి గంపొక్కటే తేలి కనిపిస్తుంది.
"దాన్ని వదిలెయ్, బిల్లు నాలుగింటికే"
అన్నాడు పంచాయతీ గుమస్తా.

వదిలేద్దామనే అనుకున్నాను.
కానీ ఇప్పుడు వేట నుంచి వచ్చేవాళ్ళు
దీపస్తంభం కంటే ముందు
గంప కనిపించిందా అని అడుగుతున్నారు.

ఆటు చూసుకుని, తెల్లారకముందే దిగాను.
బొమ్మిడి వాళ్ళ బోటుకేసిన నీలం, అడుగున మిగిలింది.
డబ్బా పట్టుకోడానికి జయంతి వచ్చింది,
పిలవకుండానే.
తడి సిమెంటుకి రంగు పట్టదని తెలుసు.
తెలిసీ, ముందు కళ్ళు దిద్దాను,
పడవకి దిద్దినట్టే, కాస్త పెద్దవిగా.
పెదవులు పూర్తిగా పోయాయి. మళ్ళీ గీయలేదు.
ఆవిడేం చెబుతుందో తెలియకుండా
నోరెలా పెట్టను?

"మూత తీద్దామా?" అంది జయంతి.
సిమెంటమ్మా, ఊడదు.
నా భుజమెక్కి, పగిలిన చోట
మోచేతిదాకా చెయ్యి దూర్చింది.
చాలాసేపు వెతికింది.
బయటికి తీసిన గుప్పిట్లో
గోరంత పీత, బతికుంది.
అటూ ఇటూ తిప్పి చూసింది.
"గొడుగు లేదు."
"అప్పు లేదేమో" అన్నాను.

దాన్ని తీసినచోటే మళ్ళీ వదిలింది.
నీళ్ళప్పటికి నా తొడలదాకా వచ్చాయి.
డబ్బాలో ఇంకా కొంచెం నీలముంది.